ప్లాట్లకు ఇచ్చే పట్టా భూమిలో చెట్ల తొలగింపు: తనిఖీ ఎలా జరుగుతుంది, రైతు ఏం చూసుకోవాలి

షాద్‌నగర్, చేవెళ్ల, సంగారెడ్డి, భువనగిరి వైపు రోడ్డు పక్క పొలాలు ప్లాట్లుగా మారడం మనం రోజూ చూస్తున్నదే. బేరం కుదిరిన కొద్ది రోజులకే జేసీబీ వచ్చి గట్ల మీది చెట్లను తీసేస్తుంది. ఎకరం ధర గురించి నెలల తరబడి మాట్లాడిన రైతు, చెట్ల గురించి ఒక్క మాట కూడా అడగడు. తర్వాత నోటీసు వస్తే మాత్రం పాస్‌బుక్కులో పేరున్న రైతు ఇంటికే వస్తుంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన మండలంలో ఒక రైతు మూడున్నర ఎకరాలు డెవలప్‌మెంట్‌కు ఇచ్చాడు. గట్ల మీద తండ్రి పెట్టిన టేకు చెట్లు అరవై దాకా ఉండేవి. రెండు రోజుల్లో చెట్లు కొట్టేశారు, మొదళ్లు పెకిలించి మొరం పోశారు. మూడో రోజు అటవీ సిబ్బంది వచ్చేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. రైతు అరవై టేకు అన్నాడు, మధ్యవర్తి పాతిక నీలగిరి అన్నాడు. ఎవరి దగ్గరా కాగితం లేదు. భూమి ఇంకా రైతు పేరు మీదే ఉంది కాబట్టి జరిమానా అతనిపైనే పడింది. టేకు డబ్బు కూడా రాలేదు. గొడ్డలి పడకముందు ఒక కాగితం మీద చెట్ల లెక్క రాసి, అధికారితో తనిఖీ చేయించి ఉంటే ఈ రెండు నష్టాలూ తప్పేవి. ఆ తనిఖీ ఎలా జరుగుతుందో, రైతు ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

సొంత భూమిలో చెట్టుకు కూడా అనుమతి ఎందుకు?

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. దీన్నే అందరూ వాల్టా అంటారు. బోర్ల అనుమతి వల్ల ఈ పేరు రైతులకు పరిచయమే. అదే చట్టంలో చెట్ల నరికివేతకు కూడా నిబంధనలున్నాయి. పట్టా భూమి అయినా ముందుగా అనుమతి తీసుకున్నాకే చెట్టు నరకాలి. నరికిన వాటికి బదులుగా మొక్కలు నాటాలనే షరతు కూడా ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తెలంగాణలో నాలా మార్పిడి భూమి వినియోగానికి సంబంధించినది. లేఅవుట్ అనుమతి రోడ్లు, ప్లాట్లు, పార్కు స్థలానికి సంబంధించినది. ఈ రెండూ చేతిలో ఉన్నా చెట్లు నరకడానికి అనుమతి వచ్చినట్టు కాదు. "నాలా అయిపోయింది, ఇక అడ్డేముంది" అని మధ్యవర్తి చెబితే, చెట్ల అనుమతి కాగితం విడిగా చూపించమని అడగండి.

ఏ చెట్టుకు ఎవరిని అడగాలి?

- టేకు, వేప, చింత, నల్లతుమ్మ, కానుగ, ఇప్ప, మద్ది వంటి చెట్లు: గ్రామాల్లో అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. చెట్ల సంఖ్యను బట్టి ఫైలు జిల్లా అటవీ అధికారి దాకా వెళ్లవచ్చు. పట్టణ పరిధిలోని భూమి అయితే మున్సిపల్ కార్యాలయంలో కూడా విచారించాలి.
- తాటి, ఈత: ఇవి 1968 నాటి ఎక్సైజ్ చట్టం కిందికి వస్తాయి. ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా తీయరాదు. గీస్తున్న చెట్లయితే గ్రామంలోని కల్లు గీత సొసైటీకి ముందే చెప్పాలి. తాటి గింజ నాటితే గీతకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లకు తక్కువ పట్టదు. ఒక్క రోజులో యాభై తాళ్లు కూల్చేస్తే కొన్ని గీత కుటుంబాల బతుకుతెరువు అంతటితో పోతుంది.
- ఎర్రచందనం, శ్రీగంధం: సొంతంగా నాటినవైనా సరే, అటవీ శాఖతో మాట్లాడకుండా ముట్టుకోవద్దు. వీటి నరికివేతకు, రవాణాకు కఠినమైన ప్రత్యేక నిబంధనలున్నాయి.
- సుబాబుల్, నీలగిరి, సరుగుడు, సర్కారు తుమ్మ వంటివి: రైతులు పంటగా పెంచే ఇలాంటి కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. అయితే ఈ జాబితా ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఒకేలా ఉంటుందని అనుకోవద్దు. మారుతూ కూడా ఉంటుంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

మినహాయింపు ఉన్న చెట్ల మధ్యలో నాలుగు వేపలు, రెండు ఇప్పలు ఉంటే మొత్తానికి మినహాయింపు వర్తించదు. ఆ ఆరింటికీ అనుమతి తీసుకోవాల్సిందే.

దరఖాస్తుకు ముందు రైతు చేసుకోవాల్సిన లెక్క

అధికారి వచ్చేలోపు చెట్ల లెక్క మనమే రాసుకోవాలి. ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఒక నోటు పుస్తకం, కొంచెం పెయింటు ఉంటే మూడెకరాల గట్లకు ఒక పూట చాలు.

1. ఒక మూల నుంచి మొదలుపెట్టి గట్టు వెంబడి తిరగండి. ప్రతి చెట్టుకు వరుస నంబరు వేయండి.

2. నంబరును రెండు చోట్ల రాయండి. ఒకటి రొమ్ము ఎత్తులో, ఒకటి నేలకు జానెడు ఎత్తులో మొదలు మీద. చెట్టు కొట్టాక కాండం లారీ ఎక్కుతుంది. మొదలు మీది నంబరు ఒక్కటే మనకు మిగిలే సాక్ష్యం.

3. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత తీయండి. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి ఎత్తు కొలవాలి. ఆ ఎత్తుకు కిందే చెట్టు రెండుగా చీలి ఉంటే రెండు కాండాలనూ విడివిడిగా కొలిచి రాయాలి.

4. చెట్టు పేరు, ఉన్న చోటు, చుట్టుకొలత, ఉంచాలా తీయాలా అన్నది రాయండి. ఉదాహరణకు:
నం. 1 - టేకు - తూర్పు గట్టు - 92 సెం.మీ. - తీయాలి
నం. 2 - వేప - బావి దగ్గర - 210 సెం.మీ. - ఉంచాలి
నం. 3 - తాటి - ఉత్తరం గట్టు - గీతలో ఉంది - ఎక్సైజ్ అనుమతి కావాలి

5. నంబరు కనిపించేలా ప్రతి చెట్టుకు ఫోన్‌లో ఫొటో తీయండి. తేదీ, స్థలం నమోదయ్యేలా సెట్టింగ్ పెట్టుకోండి.

6. హద్దు గట్టు మీది చెట్లను విడిగా రాయండి. పక్క రైతును పిలిచి, చెట్టు ఎవరిదో ఆయన ముందే తేల్చుకొని ఇద్దరూ సంతకం పెట్టండి. తనిఖీ రోజు హద్దు తగాదా లేస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

అధికారుల తనిఖీలో ఏం చూస్తారు?

దరఖాస్తుతో పాటు పాస్‌బుక్కు నకలు, సర్వే నంబరు వివరాలు, చెట్ల జాబితా, ఎందుకు తీస్తున్నారో కారణం ఇవ్వాలి. భూమి ఉమ్మడి పేర్ల మీద ఉంటే అందరి అంగీకారం ఉండాలి. తనిఖీకి సాధారణంగా బీట్ లేదా సెక్షన్ అధికారి వస్తారు. ఆ రోజు రైతు స్వయంగా ఉండాలి. మధ్యవర్తికి వదిలేయకండి. తనిఖీలో ప్రధానంగా చూసేవి ఇవి:

- చెట్లు దరఖాస్తులో రాసిన సర్వే నంబరులోనే ఉన్నాయా? పక్కన అటవీ భూమి ఉంటే రెవెన్యూ సర్వేయరుతో కలిసి హద్దు తేల్చాల్సి రావచ్చు. ఇది ఆలస్యమయ్యే పని కాబట్టి ముందే అడగండి.
- కొన్ని చెట్లు చెరువు శిఖంలో, వాగు ఒడ్డున, బండ్ల బాట మీద, పోరంబోకులో ఉన్నాయా? అవి మన గట్టుకు ఆనుకొని ఉన్నా మనవి కావు.
- భూమి అసైన్డ్ భూమా? అయితే చెట్ల కంటే ముందు భూమి బదిలీ చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న వస్తుంది. తహసీల్దార్ కార్యాలయంలో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.
- జాతి, సంఖ్య, చుట్టుకొలత జాబితాతో సరిపోతున్నాయా?
- పక్షి గూళ్లు, తేనెపట్లు ఉన్నాయా? 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షుల గూళ్లు, గుడ్లు పాడుచేయడం నేరం. వానాకాలంలో ఈత, తుమ్మ చెట్ల మీద గిజిగాడి గూళ్లు ఎక్కువగా ఉంటాయి. అలాంటి చెట్టును పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపడం మేలు.

తనిఖీ అయ్యాక అధికారి రాసుకున్న సంఖ్య, మీ పుస్తకంలోని సంఖ్య ఒకటేనా అని అక్కడే చూసుకోండి. తేడా ఉంటే అప్పుడే మళ్లీ తిరిగి లెక్కించమని అడగండి. వారం తర్వాత అడిగితే మళ్లీ తనిఖీ పెట్టించుకోవాల్సి వస్తుంది.

ఒప్పంద పత్రంలో చెట్ల మాట

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకోకపోతే భూమితో పాటు దానిని అంటిపెట్టుకొని ఉన్న చెట్లు కూడా కొన్నవారికే వెళ్తాయి. అంటే "చెట్ల డబ్బు తర్వాత చూద్దాం" అన్న నోటి మాటకు రిజిస్ట్రేషన్ తర్వాత విలువ ఉండదు. అమ్మకమైనా, డెవలప్‌మెంట్ ఒప్పందమైనా ఈ నాలుగు మాటలు పత్రంలో ఉండేలా చూడండి:

- చెట్ల జాబితా ఒప్పందానికి జతచేసినట్టు, ఇద్దరూ సంతకం చేసినట్టు.
- కలప ఎవరిది, కొంటే ఏ లెక్కన ఎంత ఇస్తారు అన్నది.
- అనుమతులు ఎవరు తేవాలి, రుసుము, డిపాజిట్ ఎవరు కట్టాలి అన్నది.
- అనుమతి రాకముందు చెట్టు నరికితే జరిమానా, నష్టం నరికించిన వారే భరించాలి అన్నది.

నాలుగో మాట ఉన్నంత మాత్రాన అధికారులు మిమ్మల్ని అడగకుండా ఉండరు. పట్టాదారుగా జవాబు చెప్పాల్సింది మీరే. కాకపోతే కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు పత్రాన్ని మీకు తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి.

కలప కొలతలో మోసపోకుండా

టేకు, వేప దుంగలను వ్యాపారులు ఎక్కువగా ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్‌టీలో కొంటారు. లెక్కకు నాలుగో వంతు చుట్టు పద్ధతి వాడతారు. దుంగ మధ్యలో చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చిన అంగుళాలను అవే అంగుళాలతో గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించాలి.

ఉదాహరణకు దుంగ మధ్య చుట్టుకొలత 40 అంగుళాలు, పొడవు 10 అడుగులు అనుకుందాం. 40లో నాలుగో వంతు 10. అప్పుడు 10 × 10 × 10 ÷ 144 = 6.94 ఘనపుటడుగులు. దుంగ గుండ్రంగా ఉందనుకొని పూర్తి లెక్క వేస్తే అదే దుంగలో 8.84 ఘనపుటడుగులు ఉంటుంది. అంటే ఈ పద్ధతిలో దాదాపు 21 శాతం ముందే తగ్గుతుంది. కోతలో పోయే తరుగు కోసమే ఈ తగ్గింపు. కొందరు దీని మీద మళ్లీ "బెరడు తరుగు", "కోత తరుగు" అని తీసేస్తారు. ఒకసారి తగ్గిన దానికి రెండోసారి ఎందుకు తగ్గించాలో అడగండి. చుట్టుకొలత బెరడుతోనా, బెరడు తీసాకనా అన్నది బేరంలోనే తేల్చుకోండి. దుంగ మధ్యలో కాకుండా సన్నటి కొస దగ్గర టేపు పెట్టనివ్వకండి.

అన్ని చెట్లూ తీయాల్సిన పని లేదు

లేఅవుట్‌లో పార్కుకు ఖాళీ స్థలం ఎలాగూ వదలాలి. ప్లాను గీయకముందే మీ చెట్ల జాబితాను గీసేవారికి ఇచ్చి, పాత వేప, చింత, మర్రి ఉన్న చోటు పార్కులోకి, రోడ్డు అంచులోకి వచ్చేలా అడగండి. ప్లాను మంజూరయ్యాక మార్చడం కష్టం. డెవలప్‌మెంట్‌కు ఇచ్చి ప్లాట్లలో వాటా తీసుకునే రైతుకు దీనివల్ల లాభమే. నీడ ఉన్న లేఅవుట్‌ను కొనేవారు కూడా ఇష్టపడతారు.

ఉంచిన చెట్టు బతకాలంటే:

- కొమ్మల నీడ పడే మేర మొరం పోయకూడదు, కాలువ తవ్వకూడదు. మొదలు చుట్టూ అడుగు, రెండడుగుల మట్టి ఎత్తితే వేరుకు గాలి ఆడక రెండు మూడేళ్లలో చెట్టు ఎండిపోతుంది. నరకకపోయినా చంపినట్టే.
- జేసీబీ, టిప్పర్లు తగలకుండా చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాలి.
- మొదలు దాకా సిమెంటు చేయకూడదు.

మర్రి, రావి, జువ్వి చెట్లు వేరే చోటికి మార్చి నాటినా బాగా తట్టుకుంటాయి. చిన్న, మధ్యస్థ చెట్లకు కాండం వ్యాసానికి దాదాపు పది రెట్ల వెడల్పుతో వేళ్ల చుట్టూ మట్టి ముద్దను ఉంచాలన్నది సాధారణ లెక్క. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. కొన్ని వారాల ముందే చుట్టూ కందకం తీసి వేళ్లు కత్తిరించి, కొమ్మలు తగ్గించి, వానలు పడే రోజుల్లో మారిస్తే బతికే అవకాశం ఎక్కువ. క్రేను, లారీ ఖర్చు పెద్దదే కాబట్టి అది ఎవరు భరిస్తారో ఒప్పందంలోనే రాసుకోవాలి. మార్చి నాటడానికి కూడా అనుమతి కావాలి.

నరికే రోజు, ఆ తర్వాత

అనుమతి కాగితంలో ఎన్ని చెట్లు, ఏ గడువు లోపల అన్నది చదివాకే కూలీలను పిలవండి. గడువు దాటితే మళ్లీ అడగాలి. కరెంటు తీగల దగ్గర చెట్టు ఉంటే ముందే విద్యుత్ శాఖకు చెప్పి సరఫరా ఆపించాలి. రాత్రి పూట చెట్లు కొట్టనివ్వకండి. చీకట్లో కొట్టేది ఎక్కువగా అనుమతి లేని చెట్టే.

నరకడానికి అనుమతి వేరు, కలప తరలించడానికి రవాణా పర్మిట్ వేరు. పర్మిట్ లేకుండా లారీ కదిలితే దారిలో కలపతో సహా పట్టుకుంటారు. లారీ బయలుదేరేముందు దుంగల సంఖ్య, వాహనం నంబరు మీ పుస్తకంలో రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మొదళ్లను వెంటనే పెకిలించనివ్వకండి. నరికాక మోడులను ఒకసారి లెక్కించి, నంబర్లు అనుమతితో సరిపోయాయని అధికారికి చూపించాకే జేసీబీని దించండి. అనుమతి 30 చెట్లకు ఉండి మోడులు 41 ఉంటే ఆ పదకొండు ఎవరు కొట్టారో ఆ రోజే తేలుతుంది. మొరం పడ్డాక తేలదు.

రోడ్డుకో, కాలువకో ప్రభుత్వం తీసుకుంటే

రీజినల్ రింగ్ రోడ్డు వంటి పనులకు భూమి పోయే రైతులకు కూడా చెట్ల జాబితా పనికొస్తుంది. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, భూమి మీది చెట్ల విలువ కట్టడానికి కలెక్టర్ వ్యవసాయ, అటవీ, ఉద్యాన, పట్టు శాఖల అనుభవజ్ఞుల సేవలు తీసుకోవచ్చు. చెట్ల విలువ పరిహారంలో కలుస్తుంది, దానిపై నూరు శాతం సొలేషియం కూడా లెక్కిస్తారు. సర్వే బృందం వచ్చిన రోజు పొలంలో లేకపోతే పాతిక మామిడి చెట్లు పదిహేనుగా నమోదు కావచ్చు. మీ జాబితా, ఫొటోలు చేతిలో పెట్టుకొని దగ్గర నిలబడండి.

సుప్రీంకోర్టు ఏమంది?

ఉత్తరప్రదేశ్‌లోని బృందావనం దగ్గర ఒక ప్రైవేటు భూమిలో 2024 సెప్టెంబరులో అనుమతి లేకుండా 454 చెట్లు నరికేశారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖరారు చేసింది. మొత్తం 4 కోట్ల 54 లక్షలు. ఆ 454 చెట్లు ఇచ్చిన పచ్చదనం తిరిగి రావడానికి కనీసం వందేళ్లు పడుతుందని కోర్టు గుర్తుచేసింది. తాజ్‌మహల్ చుట్టుపక్కల ప్రాంతం కాబట్టి అక్కడ ప్రత్యేక ఆంక్షలున్నాయి. ఆ లెక్క మన ఊరికి యథాతథంగా వర్తిస్తుందని కాదు. అయినా "నా భూమి, నా చెట్టు" అన్న వాదన కోర్టులో నిలవదన్న సంగతి మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

పక్క భూమిలో అనుమతి లేకుండా కొడుతుంటే

గట్టు మీది చెట్లు పోతే గాలి దెబ్బ పక్క చేను మీద పడుతుంది, గట్టు కోతకు గురవుతుంది. కాబట్టి పక్క రైతుకు కూడా అడిగే హక్కుంది. గొడవకు దిగవద్దు. సమయం, సర్వే నంబరు, వాహనం నంబరు రాసుకొని, దూరం నుంచి ఫొటో తీసి రేంజ్ కార్యాలయానికి, తహసీల్దార్‌కు, పంచాయతీ కార్యదర్శికి తెలపండి. తాటి, ఈత అయితే ఎక్సైజ్ స్టేషన్‌కు చెప్పండి. లిఖితపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి.

గుర్తుంచుకోవాల్సినవి

- నాలా మార్పిడి, లేఅవుట్ అనుమతి చెట్లు నరకడానికి అనుమతి కావు.
- ఒప్పందం మీద సంతకానికి ముందే చెట్ల జాబితా, ఫొటోలు సిద్ధం చేసుకోండి.
- నంబరు మొదలు మీద కూడా వేయండి.
- తాటి, ఈతకు ఎక్సైజ్ శాఖను, మిగతా చెట్లకు అటవీ రేంజ్ కార్యాలయాన్ని అడగండి.
- తనిఖీ రోజు స్వయంగా పొలంలో ఉండండి.
- రవాణా పర్మిట్ లేకుండా లారీ కదలనివ్వకండి.
- మోడుల లెక్క పూర్తయ్యాకే నేల చదును చేయనివ్వండి.

రుసుములు, మినహాయింపు జాబితా, దరఖాస్తు విధానం ఎప్పటికప్పుడు మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు మీ రేంజ్ కార్యాలయంలో ఒకసారి కనుక్కోండి. చెట్ల జాబితా రాయడంలో సాయం కావాలంటే మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.